చేతిరాత చూసి స్వభావం చెప్పే సేవలు: ఏ పద్ధతి ఎంతవరకు నమ్మొచ్చు

ఒక పేజీ రాసి పంపితే చాలు, మీ స్వభావమంతా రిపోర్టుగా పంపిస్తామనే సేవలకు ఇప్పుడు కొదవ లేదు. అన్నిటికీ పేరు ఒకటే, గ్రాఫాలజీ. లోపలికి వెళ్తే ఒకదానితో ఒకటి పొసగని నాలుగు బాణీలు కనిపిస్తాయి. గీతకో గుణం అంటగట్టేది ఒకటి. స్కేలు, కోణమానిని పట్టుకుని కొలిచే ఫ్రెంచ్ బాణీ ఒకటి. పేజీ మొత్తాన్ని ఒక్క చూపులో పట్టుకోవాలనే జర్మన్ బాణీ ఇంకొకటి. ఫొటో అప్‌లోడ్ చేయగానే తేల్చేసే యాప్‌లు నాలుగోవి. ఒకే కాగితాన్ని నలుగురి చేతిలో పెడితే నలుగురు వేర్వేరు మనుషులు బయటికొచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే డబ్బు కట్టేముందు అడగాల్సిన మొదటి ప్రశ్న, మీది ఏ పద్ధతి అని. సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయండి.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. కొలతల వరకు ఫ్రెంచ్ పద్ధతి నిజాయితీగా ఉంటుంది. కొలత నుంచి గుణానికి దూకే చోట మాత్రం నాలుగూ బోర్లాపడతాయి. సరదాకో, నలుగురు కూర్చుని మాట్లాడుకోవడానికో అయితే తీసుకోండి. ఉద్యోగానికి మనిషిని ఎంచుకోవడానికో, పెళ్లి సంబంధం తేల్చుకోవడానికో అయితే వద్దు.

నమూనా అడిగే తీరు

సేవ ఎలాంటిదో నమూనా అడిగే తీరులోనే సగం తెలిసిపోతుంది. పద్ధతిగా చేసేవాళ్లు గీతల్లేని తెల్ల ఏ4 కాగితం, దాని కింద నాలుగైదు కాగితాల మెత్త, బాల్ పెన్ను లేదా ఇంకు పెన్ను, నిండుగా ఒక పేజీ, చివర సంతకం అడుగుతారు. గీతల కాగితం మీద రాస్తే పంక్తి పైకెక్కుతోందా కిందికి దిగుతోందా, పంక్తికీ పంక్తికీ ఎంత జాగా వదులుతున్నారు అన్నవి తెలియకుండా పోతాయి. ఆ రెండూ కాగితం అచ్చేసినవాడి లెక్కలు అవుతాయి. గట్టి బల్ల మీద ఒంటి కాగితం పెట్టి రాస్తే నొక్కుడు వెనక్కి దిగదు. కింద మెత్త ఉంటే, కాగితం తిరగేసి వేలితో తడిమినప్పుడు అక్షరాల చాళ్లు తగులుతాయి. ఒత్తిడి చూడటానికి పాతవాళ్లు చేసే పని ఇదే, ఇప్పటికీ ఇంతకంటే చవకైన దారి లేదు. జెల్ పెన్నుకూ స్కెచ్ పెన్నుకూ సిరా దానంతటదే పారుతుంది కాబట్టి గీత లావుగా ఉందంటే గట్టిగా నొక్కారని అర్థం కాదు.

ఫోన్ ఫొటో చాలనే సేవతో జాగ్రత్త. పదహారు సెంటీమీటర్ల పొడవున్న పంక్తిని ఫోన్ మూడు డిగ్రీలు పక్కకు తిప్పి తీస్తే, పంక్తి చివర దాదాపు 8 మిల్లీమీటర్లు పైకో కిందికో జరిగినట్టు కనిపిస్తుంది. పైకెక్కే పంక్తికి ఈ పుస్తకాల్లో అర్థం ఆశావాదం, దిగే పంక్తికి నిరుత్సాహం. అంటే ఫోన్ పట్టుకున్న చెయ్యి కాస్త వంగితే మనిషి మనసే మారిపోతుందన్నమాట. అక్షరాల వాలు కూడా అంతే మేర తప్పుతుంది. ఒత్తిడి ఎలాగూ ఫొటోలో రాదు. పంపక తప్పకపోతే స్కానర్ మీద 300 డీపీఐలో, కాగితం అంచు కూడా కనిపించేలా స్కాన్ చేసి పంపండి. అంచు కనిపిస్తే వంకర ఎంతో పట్టుకోవచ్చు.

మీరు ఆడా మగా, వయసెంత, ఏ చేత్తో రాస్తారు అని కూడా అడుగుతారు. అడగడంలో తప్పులేదు, రాతను బట్టి అవి కచ్చితంగా చెప్పలేమని గ్రాఫాలజిస్టులే ఒప్పుకుంటారు. 1906లో ఫ్రెంచ్ మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే వాళ్లను పరీక్షించి చూశాడు. ఆడరాతా మగరాతా అన్నది ఊహ కంటే మెరుగ్గానే చెప్పారు కానీ తప్పులూ బాగానే చేశారు. ఆడో మగో అడిగి తెలుసుకోవాల్సినవాళ్లు, నిజాయితీపరుడా కాదా అన్నది మాత్రం అడక్కుండానే చెప్పేస్తారు!

అన్నిటికంటే పెద్ద లొసుగు, ఏం రాయమంటారన్న దాంట్లో ఉంది. "మీ గురించి మీరే రాయండి" అన్నారంటే, వాళ్లు చదివేది రాతనా, రాసినదాన్నా? ఉద్యోగం, ఇల్లు, పిల్లలు, బాధలు అన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. వాక్యం పొందిక, మాటల ఎంపిక చూసే ఎవరైనా ఎంతోకొంత చెప్పగలరు. ఈ సంగతి మళ్లీ వస్తుంది.

గీతకో గుణం

గ్రాఫాలజీ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చినవాడు ఝాన్ ఇపొలిత్ మిషోన్ అనే ఫ్రెంచ్ మతగురువు, 1870ల్లో. ఒక్కో గుర్తుకు ఒక్కో గుణం, ఆ గుర్తు లేకపోతే దానికి వ్యతిరేక గుణం. ఇదీ ఆయన సూత్రం. 1929లో అమెరికాలో మిల్టన్ బంకర్ దీనికి దగ్గరగా ఉండే పద్ధతిని గ్రాఫోఅనాలిసిస్ పేరుతో పోస్టు ద్వారా నేర్పే కోర్సుగా మార్చాడు. ఇవాళ ఆన్‌లైన్‌లో దొరికే చవక రిపోర్టుల్లో ఎక్కువ భాగం వీళ్లిద్దరి సంతానమే.

ఇంగ్లిష్ చిన్నబడి టీ అక్షరానికి అడ్డగీత పైన ఉంటే పెద్ద లక్ష్యాలు, కింద ఉంటే తనమీద తనకు నమ్మకం తక్కువ. ఐ మీద చుక్క సరిగ్గా నెత్తినే ఉంటే చిన్న వివరం కూడా వదలడు, కుడివైపు ఎగిరితే తొందరమనిషి. ఓ అక్షరం లోపల మెలిక ఉంటే దాపరికం. ఇలా వందల సూత్రాలు. నేర్చుకోవడం తేలిక, చెప్పడం ఇంకా తేలిక, వినేవాళ్లకు గుర్తుండిపోతుంది.

బంకర్ పద్ధతిలో మెచ్చుకోవాల్సింది వాలు కొలిచే విధానం. అక్షరం పైకి లేచే గీత పంక్తిని వదిలే చోట ఒక చుక్క, అది ఎక్కి ఆగే చోట ఇంకో చుక్క పెట్టి, రెండూ కలిపి, ఆ గీత కోణాన్ని గేజితో చూస్తారు. వరసగా వంద గీతలు కొలిచి, ఏ కోణంలో ఎన్ని పడ్డాయో పట్టీ వేస్తారు. ఏరుకోవడానికి వీల్లేదు, మొదటి వందా కొలవాల్సిందే. రిపోర్టులో ఈ పట్టీ ఉందా లేదా చూడండి. "మీ రాత కుడికి వాలింది కాబట్టి మీరు భావోద్వేగాలు దాచుకోరు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారంటే ఎవరూ ఏమీ కొలవలేదని అర్థం.

ఇక్కడ వచ్చే చిక్కేమిటంటే, ఒక పేజీలో టీ అక్షరం ఇరవై సార్లు వస్తే ఇరవై రకాలుగా పడుతుంది. మాట మొదట్లో ఒకలా, చివర ఒకలా, రెండు టీలు పక్కపక్కనే వస్తే ఇంకోలా. అడ్డగీత ఎక్కడ పడుతుందన్నది పక్కనున్న అక్షరం మీద, చెయ్యి వేగం మీద, చిన్నప్పుడు ఏ నాలుగు గీతల పుస్తకంలో దిద్దారన్న దానిమీద ఆధారపడుతుంది. విశ్లేషకుడు తనకు నచ్చిన టీని ఎంచుకుంటాడు.

కొలిచి చెప్పే ఫ్రెంచ్ బాణీ

మిషోన్ శిష్యపరంపరలోంచే వచ్చి, గుర్తుకో గుణం అన్న సూత్రాన్ని పక్కన పెట్టినవాడు జూల్స్ క్రేపియో-జామిన్. ఏ గుర్తుకూ ఒంటరిగా అర్థం లేదు, కొన్ని గుర్తులు కలిసి ఒకే దిక్కు చూపిస్తేనే దాన్ని లెక్కలోకి తీసుకోవాలి అన్నాడు. రాతను ఏడు పద్దుల కింద చూడమన్నాడు: పేజీ అమరిక, పరిమాణం, ఆకారం, ఒత్తిడి, వేగం, దిశ, అక్షరాల కలయిక. వీటి కింద సుమారు 175 ఉపరకాలు.

ఈ పద్ధతిలో పనిచేసేవాళ్లు ఏ, ఓ, ఎన్ లాంటి కాళ్లూ కొమ్ములూ లేని అక్షరాలు పేజీ అంతటా అక్కడక్కడ ఏరి, ఎత్తు కొలిచి సగటు తీస్తారు. రెండున్నర, మూడు మిల్లీమీటర్ల దగ్గర ఉంటే మామూలు పరిమాణం. తర్వాత పై కొమ్ములు, కింది తోకలు దానికి ఎన్ని రెట్లు ఉన్నాయి, ఎడమ మార్జిన్ పైనుంచి కిందికి వెడల్పవుతోందా సన్నబడుతోందా, మాటల మధ్య ఎన్ని అక్షరాల జాగా ఉంది, పెన్ను ఎన్ని అక్షరాలకొకసారి లేస్తోంది అన్నవి పట్టిక కడతారు. వేరువేరు రోజుల్లో రాసిన కనీసం రెండు నమూనాలు అడుగుతారు. అడగాలి కూడా. నిద్ర చాలని రోజు రాతకూ స్థిమితంగా కూర్చుని రాసినదానికీ ఇదే పట్టికలో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

నాలుగింటిలో దీనికే ఎక్కువ మార్కులు. కారణం ఒక్కటే, కొలతలు బయట పెడతారు కాబట్టి ఇంకొకరు మళ్లీ కొలిచి సరిచూడొచ్చు. ఇద్దరు విశ్లేషకులు విడివిడిగా కొలిచినా వాలు, ఎత్తు, మార్జిన్ ఇంచుమించు ఒకేలా వస్తాయి. పట్టిక అయిపోయి స్వభావచిత్రం మొదలయ్యే పేజీ దగ్గరే తేడా వస్తుంది. ఏ గుర్తుకు ఎంత తూకం వెయ్యాలో ఎక్కడా రాసిలేదు. పట్టిక ఒకటే అయినా ఒకరికి జాగ్రత్తపరుడు కనిపిస్తాడు, ఇంకొకరికి పిరికివాడు.

మొత్తంగా చూసే జర్మన్ బాణీ

జర్మన్ తత్వవేత్త లుడ్విగ్ క్లాగెస్ 1917లో ప్రచురించిన పద్ధతిలో అన్నిటికంటే ముందు చూసేది రాత స్థాయి. అంటే రాతలో జీవం, లయ, తనదైన తీరు ఎంత ఉన్నాయన్నది. ఆయన లెక్కలో ప్రతి గుర్తుకూ రెండు ముఖాలు. స్థాయి ఎక్కువుంటే మంచి ముఖం, తక్కువుంటే చెడ్డ ముఖం.

ఒక నమూనా అనుకుందాం. కుడికి బాగా వాలిన రాత, గట్టి నొక్కుడు, టీ అడ్డగీతలు సన్నగా, పొట్టిగా. మొదటి బాణీ విశ్లేషకుడు అడ్డగీత పట్టుకుని "పట్టుదల లేదు" అని రాసేస్తాడు. ఫ్రెంచ్ బాణీవాడు నొక్కుడు ఒకవైపు, అడ్డగీత ఇంకోవైపు లాగుతున్నాయని రాసుకుని, మూడో సాక్ష్యం కోసం వేగం చూస్తాడు. క్లాగెస్ శిష్యుడు ముందు రాత స్థాయి తేల్చుకుంటాడు. గొప్ప రాత అనిపిస్తే "పట్టువిడుపులు తెలిసినవాడు", నాసిరకం అనిపిస్తే "గాలివాటు మనిషి". గుర్తు అదే, ముఖం మారింది. ఆ స్థాయి ఎవరు తేల్చారు? విశ్లేషకుడి కన్నే. కొలబద్ద లేదు. పైగా బాగా చదువుకున్నవాళ్ల, రోజూ రాసేవాళ్ల రాతకు ఎక్కువ స్థాయి పడటం సహజం. గుణం పేరుతో అలవాటుకు మార్కులు వేసినట్టవుతుంది.

దీనికి తోడు 1931లో మాక్స్ పుల్వర్ అనే స్విట్జర్లాండ్ రచయిత కాగితం మీది జాగాకు అర్థాలు కట్టాడు. పైభాగం ఆలోచనలు, మధ్యభాగం రోజువారీ బతుకు, కిందిభాగం శరీరం, కోరికలు. ఎడమ గతం, కుడి భవిష్యత్తు. చదవడానికి అందంగా ఉంటుంది. మరి కుడి నుంచి ఎడమకు రాసే ఉర్దూ, అరబ్బీల మాటేమిటంటే, అక్కడ తిరగేసి చదువుకోవాలంటారు. ఏ సాక్ష్యంతో తిరగేశారో మాత్రం చెప్పరు.

ఈ బాణీ రిపోర్టుల్లో భాష బాగుంటుంది, చదువుతుంటే మనల్ని ఎవరో దగ్గరగా చూసి రాసినట్టే ఉంటుంది. తప్పని నిరూపించడానికి ఎక్కడా పట్టు దొరకదు. సమీక్షకు ఇదే అన్నిటికంటే కష్టమైన సరుకు.

యాప్‌లు, ఏఐ రిపోర్టులు

వీటిగురించి ఎక్కువ చెప్పుకోనక్కర్లేదు. కంప్యూటర్‌కు నేర్పించాలంటే వేలకొద్దీ రాతలూ, పక్కనే ఆ రాసినవాడి అసలు స్వభావం ఏమిటో జవాబులూ కావాలి. ఆ జవాబులు గ్రాఫాలజీ పుస్తకం నుంచే తీసుకుంటే యాప్ ఆ పుస్తకాన్నే వేగంగా అప్పజెబుతుంది. అలాంటి యాప్ తొంభై శాతం ఖచ్చితం అని చెప్పుకున్నా, అది పుస్తకంతో ఎంత కలిసిందన్న లెక్కే తప్ప మనిషితో ఎంత కలిసిందన్న లెక్క కాదు. దేనితో పోల్చి ఆ శాతం కట్టారో అడిగి చూడండి. ట్యాబ్లెట్ మీద డిజిటల్ పెన్నుతో రాయించుకునేవి కాస్త నయం. ఒత్తిడి, వేగం, పెన్ను గాల్లో ఉన్న సమయం నిజంగా నమోదవుతాయి. నున్నటి గాజు మీద పెన్ను జారుతుంది కాబట్టి అది మీ కాగితపు రాత కాదన్నది ఇంకో చిక్కు.

పరీక్షల్లో ఏం తేలింది

ఉద్యోగాల ఎంపికలో ఏ పద్ధతి ఎంత పనిచేస్తుందో ఫ్రాంక్ ష్మిడ్ట్, జాన్ హంటర్ అనే మనస్తత్వవేత్తలు 1998లో ఒక పెద్ద పట్టిక ప్రచురించారు. ఒకటి అంటే జోస్యం అక్షరాలా నిజమైనట్టు, సున్నా అంటే అసలు సంబంధమే లేనట్టు. అసలు పనిలో కొంత భాగం చేయించి చూసే పరీక్షకు 0.54 వచ్చింది. గ్రాఫాలజీకి 0.02.

1989లో ఎఫ్రాట్ నెటర్, గెర్షాన్ బెన్-షఖర్ 17 అధ్యయనాలను కలిపి చూశారు. అదే కాగితాలను గ్రాఫాలజీ ఓనమాలు రాని మనస్తత్వవేత్తలకు ఇస్తే గ్రాఫాలజిస్టుల కంటే వాళ్లే మెరుగ్గా చెప్పారు. సొంత విషయం లేని, అందరూ ఒకే పాఠం చూసి రాసిన కాగితాలు తీసుకుంటే ఆ కాస్త జోస్యం కూడా సున్నాకు దగ్గరపడింది. "మీ గురించి రాయండి" అన్నదాంట్లో లొసుగు ఇదే. అంతకుముందు 1986లో బెన్-షఖర్ బృందం ఎనిమిది వృత్తులకు చెందిన నలభైమంది రాతలు ఐదుగురు గ్రాఫాలజిస్టులకు ఇచ్చి ఎవరిది ఏ వృత్తో చెప్పమంది. చీట్లు తీసినదానికంటే మెరుగ్గా రాలేదు.

మరి రిపోర్టు చదివినవాళ్లు "అచ్చం నేనే" అని ఎందుకంటారు? బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరికి వారికి విడిగా రాసినట్టుగా ఫలితం ఇచ్చి, ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వెయ్యమన్నాడు. సగటు 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోవి. 1949లో అచ్చయిన ఈ ప్రయోగం మనసులో ఉంచుకుని మీ రిపోర్టు మళ్లీ చదవండి. "బయటికి ధైర్యంగా కనిపించినా లోపల అప్పుడప్పుడు సందేహపడతారు" లాంటి వాక్యాలన్నీ కొట్టేస్తే ఎన్ని మిగులుతాయో చూడండి.

చేతిరాత అసలేమీ చెప్పదని కాదు. పార్కిన్సన్స్ జబ్బులో పంక్తి సాగేకొద్దీ అక్షరాలు చిన్నబడిపోతాయి, వైద్యులు దీన్ని గమనిస్తారు. చేతివణుకు గీతలో అలలుగా కనబడుతుంది. ఫోరెన్సిక్ నిపుణులు ఈ సంతకం ఫలానా వ్యక్తిదేనా అని పోల్చి చూస్తారు. అది వేరే పని, దానికి స్వభావంతో ఏమీ సంబంధం లేదు. వెబ్‌సైట్‌లో ఫోరెన్సిక్ మాట పెట్టి స్వభావం రిపోర్టు అమ్ముతుంటే రెండింటినీ కావాలనే కలిపేశారని అనుకోవచ్చు. చెయ్యి కాదు, మెదడే రాస్తుంది అన్న వాదన కూడా వినిపిస్తుంది. 1895లో విల్‌హెల్మ్ ప్రేయర్ అనే శరీరశాస్త్రవేత్త కాలితో, నోటితో రాసినా రాత పోలికలు మిగులుతాయని చూపించిన మాట నిజమే. మెదడు నడిపించే పనే నడక కూడా. అంతమాత్రాన చెప్పుల అరుగుదల చూసి నిజాయితీ తేల్చలేం.

తెలుగులో రాస్తే?

పై సూత్రాలన్నీ రోమన్ లిపి గొలుసుకట్టు రాతకు కట్టినవి. తెలుగులో టీ అడ్డగీత లేదు, ఐ చుక్క లేదు, పొడుగు తోకల వై, జీలు లేవు. గుండ్రదనం లిపిదే, రాసేవాడిది కాదు. కాబట్టి గుండ్రటి రాత మెతకమనసుకు గుర్తంటే తెలుగు రాసేవాళ్లందరూ మెతకవాళ్లే అవ్వాలి! వాలు కొలుద్దామంటే నిలువు గీతలేవి? గుడి పైకి వెళ్తుంది, ఒత్తు కిందికి దిగుతుంది. కానీ అవి ఎక్కడ రావాలో భాష నిర్ణయిస్తుంది. ఒత్తులు ఎక్కువున్న పేరా రాస్తే కిందిభాగం నిండిపోతుంది. దాన్ని కోరికలు అనుకుంటే తమాషాగా ఉంటుంది. తలకట్టు అక్షరానికి ఆనించారా, విడిగా కొట్టారా, అసలు ఎగరగొట్టారా అన్నది మనిషి మనిషికీ మారే మాట నిజమే. రాత ఎవరిదో పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. గుణం చెప్పడానికి దానికి నమ్మదగ్గ తాళంచెవి ఎవరి దగ్గరా లేదు. తెలుగు నమూనా తీసుకుని ఇంగ్లిష్ రిపోర్టుకు సరిపోయే మాటలు చెప్పే సేవకు సున్నా మార్కులు.

కొనేముందు మీరే పరీక్షించండి

ఐదుగురు కలవండి. ఏదైనా యంత్రం వాడకం పుస్తకంలోంచి ఒకే పేరా, ఓ నూటయాభై మాటలు, అందరూ చూసి రాయండి. ఎవరి గురించీ ఏ విషయమూ బయటపడకూడదు. ఐదు రిపోర్టులు వచ్చాక పేర్లు, ఆడా మగా తెలిపే మాటలు కొట్టేసి కలిపేయండి. ఎవరికి వారు విడిగా, ఇంకొకరితో మాట్లాడకుండా, తమదేదో ఎంచుకోవాలి. రిపోర్టుల్లో పసలేకపోయినా సగటున ఒకరికి తగులుతుంది. ముగ్గురికి లేదా అంతకంటే ఎక్కువమందికి తగలడం మాత్రం గుడ్డిగా ఎంచుకుంటే వందలో ఆరుసార్లే జరుగుతుంది. ముగ్గురికి తగిలితే ఆ సేవకు ఇంకో అవకాశం ఇచ్చి, కొత్త మనుషులతో మళ్లీ చెయ్యండి.

ఐదు రిపోర్టులకు డబ్బు పెట్టడం ఎక్కువనుకుంటే రెండు చాలు. ఒకే మనిషి మూడు వారాల ఎడంతో రెండు పేజీలు రాసి, రెండు పేర్లతో అదే సేవకు పంపాలి. రెండు రిపోర్టులూ వేర్వేరు మనుషుల్ని చూపిస్తే ఇక ఆలోచించాల్సింది లేదు. ఒకేలా వచ్చాయని మురిసిపోకూడదు కూడా. అందరికీ అదే రిపోర్టు పంపుతున్నారేమో, ఇంకొకరి కాగితంతో సరిచూసుకోవాలి.

రిపోర్టుతో పాటు చేతిరాత మారిస్తే తలరాత మారుతుందంటూ ఒక కోర్సు అంటగట్టబోతారు. టీ అడ్డగీత పైకి గియ్యడం నేర్చుకుంటే ఆత్మవిశ్వాసం పెరుగుతుందని చెబుతారు. రాత కుదురుగా, చదవడానికి వీలుగా కావాలంటే చూసిరాత సాధన మంచిదే. పరీక్ష పేపరు దిద్దేవాళ్లు కూడా సంతోషిస్తారు. దానికి స్వభావం రిపోర్టు అక్కర్లేదు.

సంతకం సంగతి ఒకటుంది. బ్యాంకులో, దస్తావేజుల మీద పెట్టే అసలు సంతకాన్ని తెల్ల కాగితం మీద శుభ్రంగా పెట్టి, స్కాన్ చేసి, ఎవరో తెలియని వెబ్‌సైట్‌కు పంపడం కోరి తిప్పలు తెచ్చుకోవడమే. పేరును మామూలు అక్షరాల్లో రాసి పంపండి. సంతకం లేనిదే కుదరదంటే దాని మీదుగా అడ్డంగా "విశ్లేషణకు మాత్రమే" అని రాసి తేదీ వెయ్యండి. దానికీ ఒప్పుకోకపోతే కాగితం మీ దగ్గరే ఉంచుకోండి.